డబ్బా మీద ఉన్న న్యాట్ డబ్బాలో లేదు

విజయవాడ

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ‘భారత వైమానిక దళ న్యాట్ ఎఫ్.1, స్కేలు 1/48’ పేరుతో అమ్మిన ప్లాస్టిక్ కిట్‌లో వేరే విమానం రెక్కలు, తోక ఉండటం. డెకాల్స్ (నమూనా మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు) తప్పుగా అచ్చు కావడం. మీ సిబ్బంది పంపిన జవాబు.

అయ్యా,

గత నెల మొదటి వారంలో 3,850 రూపాయలు చెల్లించి మీ సంస్థ నుంచి పై కిట్ తెప్పించుకున్నాను. బిల్లు నకలు, డబ్బా ఫోటోలు, స్కేలుబద్ద పక్కన పెట్టి తీసిన విడి భాగాల ఫోటోలు జతచేస్తున్నాను. మీ విభాగానికి ఇంతకుముందే రెండుసార్లు రాశాను. రెండుసార్లూ వచ్చింది ఒకే జవాబు: ‘స్కేలు నమూనాలలో కొద్దిపాటి తేడాలు సహజం. అసౌకర్యానికి చింతిస్తూ తదుపరి కొనుగోలుపై పది శాతం తగ్గింపు ఇస్తున్నాము.’ నేను అడిగింది తగ్గింపు కాదు. అందుకే ఈసారి మొదటి నుంచి వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరి వరకు చదవండి. విమానాల సంగతి తెలిసిన మనిషి మీ దగ్గర ఉంటే వారి చేత కూడా చదివించండి.

ఈ కిట్ కొన్నది మా నాన్నగారి కోసం. ఆయన వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేశారు. 1965 యుద్ధం నాటికి ఆయన పఠాన్‌కోట్‌లో ఉన్నారు, న్యాట్ విమానాల మీదే పని. ఆ ఏడాది సెప్టెంబర్ 3న జమ్మూ ప్రాంతంలోని ఛాంబ్ మీద స్క్వాడ్రన్ లీడర్ ట్రెవర్ కీలర్ న్యాట్‌తో పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాన్ని కొట్టారని తెలిసిన రోజు సంగతి, సెప్టెంబర్ 6 సాయంత్రం సేబర్లు పఠాన్‌కోట్ మీద విరుచుకుపడితే కందకంలో పడుకున్న సంగతి మా ఇంట్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్లు. ఒక కంటికి చూపు దాదాపు లేదు. చిన్నప్పుడు నాకు బల్సా చెక్కతో గ్లైడర్లు చేయడం నేర్పింది ఆయనే. ఆయన చేతులతో సవరించిన విమానాన్ని ఒక్కసారి నా చేతులతో చేసి ఆయన బల్ల మీద పెట్టాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. మన దేశపు గుర్తులతో న్యాట్ కిట్ దొరకడం అరుదు. మీ ప్రకటన చూడగానే ధర గురించి ఆలోచించకుండా కొన్నాను.

బాగున్నదాన్ని బాగుందనే చెబుతాను. కాక్‌పిట్ భాగాలు చక్కగా వచ్చాయి. మీటర్ల పలకలో అంకెల ముద్రలు కూడా కనిపిస్తున్నాయి. సీటుకు బెల్టులు లేకపోతే ఆయింట్‌మెంట్ గొట్టపు పలుచని రేకు కత్తిరించి నేనే చేసుకున్నాను. గాలి లోపలికి వెళ్లే ద్వారాల పక్కన, ఒక్కో వైపు ఒక్కటి చొప్పున ఉండే 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగుల రంధ్రాలను లోతు లేకుండా పోశారు. వాటిని చేతి డ్రిల్లుతో తొలుచుకున్నాను. ముక్కులో బరువు పెట్టమని మీ సూచనల కాగితంలో ఎక్కడా లేదు. పెట్టకపోతే ఈ నమూనా ముందు చక్రం గాల్లోకి లేచి తోక మీద కూర్చుంటుంది. చేపల వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు నలగ్గొట్టి, కాక్‌పిట్ ముందు ఉన్న ఖాళీలో జిగురుతో కూర్చాను. ఇవన్నీ నమూనాలు చేసేవారికి అలవాటైన పనులే. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు.

నాన్నగారి రోజుల్లో ఆయన చూసిన న్యాట్లు వెండి రంగువి. లోహపు రంగు వేయడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. వెండి పూత కింద వెంట్రుక వాసి గీత ఉన్నా ఎత్తి చూపిస్తుంది. రెక్క శరీరాన్ని కలిసే చోట ప్లాస్టిక్ కుంచించుకుపోయి రెండు వైపులా గుంటలు పడ్డాయి. వాటిని పుట్టీతో నింపి, 400 నుంచి మొదలుపెట్టి 2000 నంబరు దాకా నీటి ఎమరీ కాగితంతో రుద్దాను. చెరిగిపోయిన ప్యానెల్ గీతలను తిరిగి చెక్కాను. నిగనిగలాడే నల్ల రంగును అడుగు పూతగా వేయడానికి ముందు ప్రైమర్ కొట్టాను. అప్పటికి పంతొమ్మిది రోజులు గడిచాయి, రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రెండేసి గంటలు.

ఇరవయ్యో రోజు నమూనాను నాన్నగారి చేతిలో పెట్టాను. కళ్లకు దగ్గరగా తీసుకున్నారు గానీ ఆయన చూసింది వేలితో. ముక్కు నుంచి కాక్‌పిట్ దాకా తడిమి ‘బాగుందమ్మా’ అన్నారు. తరువాత రెక్క వెనుక అంచు వెంట బొటనవేలు పోనిచ్చి ఆగిపోయారు. విమానాన్ని పక్కకు వంచే ఐలెరాన్లు, దిగేటప్పుడు కిందికి వాలే ఫ్లాపులు అనే కదిలే పలకలు ఉండేది ఆ అంచునే. మళ్లీ మొదటి నుంచి తడిమారు. రెండో రెక్క కూడా చూశారు. ‘ఐలెరాన్ చివరకు ఎందుకు పెట్టావమ్మా? న్యాట్‌కు ఐలెరాన్లు లోపలి వైపు కదా. చక్రాలు దించితే రెండూ కలిసి కిందికి వాలేవి, ఫ్లాపుల పని కూడా అవే చేసేవి. నేను ఎన్నిటికి సరిచేశానో’ అన్నారు. నేను పెట్టలేదు నాన్నా, వాళ్లు అలాగే పోశారు అన్నాను. ఆయన నమూనాను జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, ‘అయితే ఇది మనది కాదు’ అన్నారు.

ఆ రాత్రే స్కేలుబద్ద పెట్టి కొలిచాను. మీ నమూనా రెక్కల చివర నుంచి చివర వరకు 152 మిల్లీమీటర్లు ఉంది. ఒక్కరే కూర్చునే న్యాట్ ఎఫ్.1 రెక్కల విస్తారం 22 అడుగుల 1 అంగుళం, అంటే 6.73 మీటర్లు. దాన్ని 48తో భాగిస్తే 140 మిల్లీమీటర్లు రావాలి. మీది 12 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ 152ను 48తో తిరిగి గుణిస్తే దాదాపు 24 అడుగులు వస్తుంది. అది న్యాట్ టి.1 కొలత. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం అది. బ్రిటన్ వైమానిక దళం వాడినది, రెడ్ యారోస్ బృందం 1965 నుంచి 1979 వరకు ఎర్ర రంగు వేసి విన్యాసాలు చేసినది. దాని కోసం రెక్కలను, తోకను పెద్దవి చేశారు. ఫ్లాపులను వేరు చేసి ఐలెరాన్లను రెక్కల చివరకు జరిపారు. మీరు పోసిన రెక్కల మీద గీతలు అచ్చంగా అలాగే ఉన్నాయి.

అనుమానం తీరడానికి, విడి భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములలో మిగిలినవాటిని వెతికాను. సూచనల కాగితంలో ‘వాడవద్దు’ అని గీత కొట్టిన భాగాలు ఆరు ఉన్నాయి. వాటిలో రెండో సీటు ఉంది, రెండో మీటర్ల పలక ఉంది, రెండో కంట్రోల్ స్టిక్ ఉంది. ఇద్దరు కూర్చునే విమానం అచ్చును తీసుకుని, శరీరం భాగాన్ని మాత్రం కొత్తగా పోసి, పాత రెక్కలు, పాత తోక అలాగే ఉంచి, భారత వైమానిక దళం పేరుతో మీరు అమ్ముతున్నారు. ఇది నా ఊహ కాదు. రుజువులు మీ డబ్బాలోనే ఉన్నాయి.

మీ సిబ్బంది దీన్ని ‘కొద్దిపాటి తేడా’ అన్నారు. నమూనాలో 12 మిల్లీమీటర్లంటే అసలు విమానంలో దాదాపు రెండు అడుగులు. న్యాట్ విషయంలో ఆ రెండు అడుగులే అసలు సంగతి. దాన్ని రూపొందించిన టెడ్డీ పెటర్ లక్ష్యమే ఇతర యుద్ధ విమానాలన్నిటి కంటే చిన్నదిగా, తేలికగా, చవకగా ఒక యుద్ధ విమానాన్ని తయారు చేయడం. పేరు కూడా అందుకే చిన్న దోమ పేరు పెట్టారు. 1955 జూలై 18న అది మొదటిసారి ఎగిరింది. బ్రిటన్ దాన్ని యుద్ధ విమానంగా తీసుకోలేదు, మన దేశం తీసుకుంది. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో వందల మంది కార్మికులు దాన్ని తయారు చేశారు. అంత చిన్న శరీరంలో అన్నీ కిక్కిరిసి ఉండేవి కాబట్టి ఒక గొట్టం మార్చాలన్నా ముందు మూడు భాగాలు విప్పాల్సి వచ్చేదని, వేళ్ల కణుపులు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవని నాన్నగారు చెబుతారు. ఆకాశంలో సేబర్ పైలట్ల కంటికి అది దొరకకపోవడానికి ఆ చిన్నతనమే పెద్ద కారణం. దాన్ని రెండు అడుగులు పెంచి, పేరు మాత్రం అదే ఉంచితే అది తేడా అనిపించుకోదు.

రెక్కల చివర్లు ఆరేసి మిల్లీమీటర్లు కోసుకోవచ్చు కదా అని మీ సిబ్బందిలో ఒకరు ఫోనులో సలహా ఇచ్చారు. కోస్తే పొడవు తగ్గుతుంది, ఆకారం మారదు. వెనుక అంచు గీతలన్నీ పూడ్చి, ఐలెరాన్లను లోపలి వైపు మళ్లీ చెక్కి, తోకను కూడా కత్తిరించి దిద్దాలి. అప్పుడు మీ కిట్‌లో మిగిలేది మీరు కొత్తగా పోసిన శరీరం భాగం ఒక్కటే.

ఇక డెకాల్స్. మన వైమానిక దళం గుండ్రటి గుర్తులో మధ్యన కాషాయం, దాని చుట్టూ తెలుపు, వెలుపల ఆకుపచ్చ ఉంటాయి. మీరు పంపిన కాగితంలో ఆకుపచ్చ మధ్యలోకి, కాషాయం వెలుపలికి పోయాయి. ఆ కాషాయం కూడా ఎర్రగా అచ్చయింది. ఆకుపచ్చ లోపల, ఎరుపు బయట ఉండే గుర్తు ఇటలీ వైమానిక దళానిది. డబ్బా తెరిచిన రోజే ఇది కనిపించినా, రంగులు నేనే వేసుకుంటానులే అని సర్దుకున్నాను. ఇప్పుడు సర్దుకోను. కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) లోపల గాలి బుడగ ఒకటి ఉంది, దాన్ని కూడా ఫిర్యాదులో చేర్చండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించినది డబ్బా ముఖచిత్రం. శ్రీనగర్ లోయ మీద ఒక న్యాట్, దాని కింద ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ గారి పేరు, పక్కన పరమవీర చక్ర బొమ్మ వేశారు. 1971 డిసెంబర్ 14 ఉదయం శ్రీనగర్ విమానాశ్రయం మీద సేబర్లు బాంబులు వేస్తుండగా, ఆ రన్‌వే మీద నుంచే లేచి, తనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న శత్రువులతో తలపడి ప్రాణాలు వదిలిన మనిషి ఆయన. భారత వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. కొనేవాడు ఆ పేరు చూసి కొంటాడని మీకు తెలుసు, నేనూ అలాగే కొన్నాను. ఆయన పేరుతో అమ్మిన డబ్బాలో ఆయన నడిపిన విమానం లేదు. ఈ వాక్యం మీ కార్యాలయంలో ఎవరికైనా చిన్న విషయంగా అనిపిస్తే, వారితో నేను స్వయంగా మాట్లాడతాను.

నా కోరికలు ఇవి. ఎఫ్.1కు సరైన కొలతలతో రెక్కలు, తోక, లోపం లేని కానపీ, సరిగా అచ్చువేసిన డెకాల్స్ నాకు పంపాలి. కొత్త అచ్చు వేయడం మీకు సాధ్యం కాకపోతే, రెసిన్‌తో పోసిన విడి భాగాలైనా ఫరవాలేదు. అదీ కుదరకపోతే పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఏది చేసినా, దుకాణాలలో ఉన్న డబ్బాల మీద, మీ వెబ్‌సైట్ మీద ‘రెక్కలు, తోక టి.1 శిక్షణ విమానానివి’ అని కనిపించేలా రాయాలి. లేదా సెఖోన్ గారి పేరు తొలగించాలి. ఈ మూడో విషయంలో నేను రాజీపడను. పది శాతం తగ్గింపు కూపన్‌ను వాపసు పంపుతున్నాను.

ఈ లేఖ అందిన 15 రోజుల లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. వస్తువు గురించి తప్పుడు వివరణ ఇచ్చి అమ్మడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. నేను నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టం నాకు ఇచ్చింది.

సగం పని అయిన నమూనా ప్రస్తుతం నా బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. నాన్నగారు రోజూ అడుగుతున్నారు, ‘రెక్కలు వచ్చాయా?’ అని. ఆయన వయసు మీకు పైన రాశాను. భాగాలు పంపేటట్లయితే త్వరగా పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతపరచినవి: బిల్లు నకలు, డబ్బా ముఖచిత్రం, కొలతలతో రెక్కల ఫోటోలు మూడు, ‘వాడవద్దు’ అని గుర్తుపెట్టిన భాగాల ఫోటో, డెకాల్ కాగితం, మీ జవాబుల ప్రతులు రెండు.