స్క్లెరోడెర్మాలో ప్రతి తిమ్మిరీ చలివల్ల వచ్చేది కాదు

సంపాదకులకు నమస్కారం.

స్క్లెరోడెర్మాపై మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చర్మం బిగుసుకుపోవడం, ఊపిరితిత్తులు గట్టిపడటం, మూత్రపిండాలకు ఉండే ముప్పు గురించి వివరంగానే చెప్పింది గానీ, నాడుల ఊసు అందులో ఎక్కడా లేదు. ఎనిమిదేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నదాన్ని గనుక ఆ లోటు నాకు వెంటనే తగిలింది.

చలి తగిలితే వేళ్లు తెల్లబడి, నీలమై, ఆపై ఎర్రబడే రేనాడ్స్ లక్షణం మాలో దాదాపు అందరికీ ఉంటుంది. అందుకే చేతులు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పగానే వినేవారు దాన్ని ఆ ఖాతాలోనే వేసేస్తారు. నా విషయంలో ఏడాదిన్నర పాటు జరిగింది అదే. కానీ రేనాడ్స్‌లో రంగు మారుతుంది, వెచ్చబడితే సర్దుకుంటుంది. నాకు మాత్రం ఏ రంగూ మారకుండానే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, అర్ధరాత్రి నిద్ర లేపేవి. మణికట్టు దగ్గర నాడి నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సమస్య అది అని చివరకు నాడుల్లో సంకేతాలు ఎలా సాగుతున్నాయో కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్షలో తేలింది. చేతులు ఉబ్బే తొలిదశలో ఇది రావచ్చునని, కొందరిలో అసలు జబ్బు బయటపడకముందే కనిపిస్తుందని అప్పుడు గానీ నాకు తెలియలేదు.

ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి దెబ్బతిని బుగ్గ, పెదవి, నాలుక మొద్దుబారేవారూ ఉన్నారు. నొప్పిని, వేడిని పసిగట్టే సన్నని నాడీతంతువులు దెబ్బతింటే అరికాళ్లు మండుతాయి. మామూలు నెర్వ్ కండక్షన్ పరీక్ష లావు తంతువులనే కొలుస్తుంది కాబట్టి, రిపోర్టు బాగుందన్నంత మాత్రాన ఆ మంటను రోగి ఊహగా కొట్టిపారేయకూడదు. పేగుల కదలిక మందగించి అక్కడ బాక్టీరియా పెరిగినప్పుడు బి12 విటమిన్ తగ్గి నాడులు చెడే అవకాశం కూడా ఉంది. రక్తపరీక్షతో తెలిసిపోయే, మందుతో సరిచేయగలిగే ఈ లోపాన్ని చూడకుండా వదిలేయడమే నాకు అన్నిటికన్నా బాధగా తోస్తుంది.

అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల వైద్యం) సంఘాలు 2013లో కలిసి ప్రకటించిన, ఎవరిని స్క్లెరోడెర్మా రోగులుగా లెక్కించాలో చెప్పే వర్గీకరణ ప్రమాణాల్లోనూ నాడుల లక్షణాలకు చోటు లేదు. అవి పరిశోధనల కోసం రూపొందినవి గనుక వాటిని తప్పుపట్టలేం. డాక్టరు గదిలోనూ ప్రశ్నలు ఆ జాబితాతోనే ఆగిపోవడంతోనే మాకు చిక్కు.

జూన్ 29న ప్రపంచ స్క్లెరోడెర్మా దినానికి మీరు మళ్లీ వ్యాసం వేస్తే, తిమ్మిరి ఏయే వేళ్లకు వస్తోందో, రంగు మారుతోందో లేదో, నిద్ర చెడగొడుతోందో గమనించి డాక్టరుకు చెప్పమని పాఠకులకు ఒక్క పేరాలోనైనా రాయగలరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు