సుదర్శన్ దగ్గర బండి స్లో చేసిన డ్రైవరన్నకి

నిన్నటితో నాన్న పెద్దకర్మ అయిపోయింది. ఫోన్లు చేసినవాళ్లతో సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకండి. అక్క, బావ, బాబాయి అన్నీ చూసుకున్నారు. వాళ్లకి థాంక్స్ చెప్తే తిడతారు.

నేను చెప్పుకోవాల్సింది వైకుంఠరథం డ్రైవరన్నకి.

తెల్లవారుజామున పోయిన మనిషిని ఆస్పత్రివాళ్లు సాయంత్రం దాకా ఇవ్వలేదు. ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదట. అడ్వాన్స్ కట్టించుకోవడానికి మాత్రం ఏ అప్రూవలూ అక్కర్లేదు! సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చున్నా. ముషీరాబాద్ దాటాక "సారుకు ఏమిష్టముండె?" అని అడిగాడు. సినిమాలన్నా, క్రాస్‌రోడ్స్‌లో మొదటాట అన్నా. సుదర్శన్ థియేటర్ ముందుకి రాగానే బండి స్లో చేసి, వెనక్కి తిరిగి, "సారూ, సుదర్శన్ వచ్చింది. ఒక్కసారి సూస్కోండ్రి" అన్నాడు. వెనక ఒకటే హారన్లు. ఆయన కదిలితేగా! పొద్దుట్నుంచీ రాని ఏడుపు నాకక్కడ తన్నుకొచ్చింది. నల్లకుంటలో దించేముందు ఫ్రీజర్ అద్దానికి పట్టిన చెమ్మని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు, మొహం కనబడేంత మేర.

‘సిక్స్ ఫీట్ అండర్’ చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. 2001 నుంచి 2005 దాకా హెచ్‌బీఓలో వచ్చిన అలన్ బాల్ సీరియల్. లాస్ ఏంజిలస్‌లో అంత్యక్రియలు జరిపించే ఫిషర్ కుటుంబం కథ. మొదటి ఎపిసోడ్‌లోనే తండ్రి కొత్త శవవాహనం నడుపుతూ బస్సు గుద్ది పోతాడు. పోయాక కూడా పిల్లలకి కనబడుతూ జోకులేస్తాడు, దెప్పుతాడు. దెయ్యం కాదు, పిల్లల మనసులో నలిగేదే ఆయన నోట వస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా జనం వెతుక్కుని మరీ చూస్తున్నది ఇందుకేననిపిస్తుంది: పోయినవాళ్లతో మాట్లాడితే అందులో ఎవరూ పిచ్చి అనరు. మన దగ్గరేమో "ధైర్యంగా ఉండమ్మా" తర్వాత ఇంకో మాట ఉండదు. నిన్న విస్తట్లో గారెలు చల్లారాయని నాన్న సణిగినట్టే వినిపించి ఫక్కున నవ్వాను. అత్తయ్య అదోలా చూసింది.

అయ్యో, నైట్ డ్యూటీ సిస్టర్‌ని మర్చిపోయా. ఫ్లాస్కుల్లో కాఫీ పంపిన కింది పోర్షన్ ఆంటీ, కుర్చీలు మోసిన పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు కూడా. ఈ సీరియల్ చూడమని నా ప్రాణం తీసిన పాత కొలీగ్, నీక్కూడా. టెంట్‌హౌస్ అన్నా, బాకీ గుర్తుంది, రేపొచ్చి ఇచ్చేస్తా.