స్లాబు మరమ్మతా, మార్పా: ఈ సీజన్ నుంచి మేం పని ఒప్పుకునే పద్ధతి

తొలకరి దగ్గర పడేసరికి ఫోన్లు మొదలయ్యాయి. దాదాపు అందరి మాటా ఒకటే: "పైన ఏదో ఒక కోటింగ్ కొట్టించేయండి, కారడం ఆగితే చాలు." ఈ సీజన్ నుంచి అలా అడగ్గానే ఒప్పుకోవడం మానేశాం. సీలింగులో పెచ్చులు ఊడి ఇనుము బయటపడిన స్లాబుకైతే ఉత్త కోటింగ్ పని అసలే చెయ్యం. చేస్తే మాకు డబ్బులొస్తాయి గానీ మీ డబ్బు వానలో పోసినట్టే. కాకినాడ చుట్టుపక్కల, ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో పాతిక ముప్పై ఏళ్ళ కిందట కట్టిన డాబాల గురించి ఈ వివరాలు రాస్తున్నాం.

ముందు ఒక తేడా గమనించండి. కారడం వేరు, పెచ్చులు ఊడటం వేరు. వాటం సరిగ్గా లేక నీళ్ళు నిలవడం, తూము పూడిపోవడం, పిట్టగోడ మొదట్లో పగుళ్ళు, ట్యాంకు దిమ్మె కింద సందు, పైపు దూరిన చోట వదులు... కారడానికి కారణాలు ఇవే. వీటిలో స్లాబు తప్పేమీ లేదు, పై పని చేస్తే సరిపోతుంది. పెచ్చులు ఊడుతున్నాయంటే మాత్రం లోపల ఊచ తుప్పు పడుతోంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పగిలి రాలుతుంది. పైనుంచి నీళ్ళు ఆపినా, కాంక్రీటులోకి ఇప్పటికే దిగిన ఉప్పుకి గదిలోని చెమ్మ తోడైతే చాలు, తుప్పు సాగుతూనే ఉంటుంది.

అందుకని ముందు పరీక్ష, తర్వాతే రేటు. పరీక్షకి విడిగా రుసుము తీసుకుంటాం, పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. ఇంకొకరి చేత చేయించుకున్నా రిపోర్టు మీదే.

మొదట సుత్తి. సీలింగంతా అడుగుకొక దెబ్బ చొప్పున తడతాం. మంచి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయింది డొల్లగా పలుకుతుంది. డొల్ల ఉన్న చోటల్లా సుద్దతో గీసి విస్తీర్ణం కొలుస్తాం. ఆ తర్వాత గదికి మూడు నాలుగు చోట్ల చెక్కి, ఊచని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, దాని మందాన్ని వెర్నియర్ అనే సన్నకొలతల పరికరంతో కొలుస్తాం. ఇక్కడే చాలామంది మోసపోతారు. 8 మి.మీ. ఊచ 7 మి.మీ.కి వస్తే "ఒక్క మిల్లీమీటరేగా" అనిపిస్తుంది, కానీ బలాన్నిచ్చే వైశాల్యం 50 నుంచి 38.5 చదరపు మి.మీ.కి పడిపోయింది. అంటే 23 శాతం నష్టం. 6 మి.మీ.కి వస్తే 44 శాతం పోయినట్టే.

చెక్కిన చోట తాజా కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాం. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారం ఇంకా ఉంది, అది ఊచని కాపాడుతోంది. ఊచ దాకా రంగు రాకపోతే ఆ కాపుదల పోయింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళకి ఇంకొకటి కూడా తప్పనిసరి చేశాం: డ్రిల్లుతో వేర్వేరు లోతుల్లో పొడి తీసి ల్యాబ్‌లో క్లోరైడు, అంటే ఇనుముని తినే ఉప్పు, ఎంతుందో చూపించడం. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కొత్త ఆర్‌సీసీ కాంక్రీటులో క్లోరైడు క్యూబిక్ మీటరుకు 0.6 కిలోలు దాటకూడదు. ఊచ లోతులో అంతకన్నా బాగా ఎక్కువ వస్తే ప్యాచీల మీద, అంటే పాడైన చోటు మాత్రమే చెక్కి పూడ్చడం మీద, మాకు నమ్మకం లేదు. చివరిగా దారం కట్టి స్లాబు కుంగుదల చూస్తాం. 12 అడుగుల గదిలో 15 మి.మీ. దాటితే ఇంజినీరు చూడాల్సిందే.

ఒక హెచ్చరిక. కారే చోటు పట్టుకోవడానికి డాబా మీద కట్ట కట్టి నీళ్ళు నిలబెట్టే పరీక్ష మంచిదే, కానీ ఊచలు పోయిన స్లాబు మీద చెయ్యకండి. 2 అంగుళాల నీళ్ళంటే చదరపు మీటరుకు 50 కిలోలు.

ఇక తీర్పు. డొల్ల ఒక మూలకో, బాత్రూము కిందకో పరిమితమై, ఊచ నష్టం 20 శాతం లోపు ఉండి, క్లోరైడు తక్కువగా ఉంటే మరమ్మతు చాలు, నిశ్చింతగా చేయించండి. గది సీలింగులో మూడో వంతు డొల్లగా ఉండి, ఊచలు పావు వంతు పైగా పోయి, ఉప్పు కూడా తేలితే మార్చమనే చెబుతాం. మధ్యలో ఉండేవే కష్టం. వాటికి స్ట్రక్చరల్ ఇంజినీరు మాటే మా మాట.

ఉప్పు ఉన్న స్లాబుకి ప్యాచీ ఎందుకు వద్దంటామో కూడా చెప్పాలి. కొత్త మోర్టారు వేసిన చోట ఊచకి తుప్పు ఆగుతుంది, దాన్ని ఆనుకునే పాత కాంక్రీటులో ఉన్న ఊచకి వేగం పెరుగుతుంది. అందుకే రెండు మూడేళ్ళకి ప్యాచీ అలాగే నిలిచి ఉంటుంది, దాని చుట్టూ ఉంగరంలా కొత్త పెచ్చులు లేస్తాయి. మేస్త్రి పని బాగాలేదని తిట్టుకుంటారు గానీ, పని బాగా చేసినా అదే జరుగుతుంది.

మరమ్మతు చేయదగ్గ స్లాబుకి పని ఇలా సాగుతుంది. స్లాబుకి ఊతంగా నాలుగడుగులకొకటి చొప్పున జాకీలు పెట్టి, డొల్లంతా చెక్కుతాం. ఊచ వెనక కూడా 20 మి.మీ. ఖాళీ కావాలి. ముందువైపు మాత్రమే చెక్కి పూసేస్తే వెనక తుప్పు అలాగే ఉండిపోతుంది. అంచుల్ని బ్లేడుతో 10 మి.మీ. లోతు నిటారుగా కోస్తాం. పల్చగా లాగేసిన అంచులే ముందు ఊడతాయి. శుభ్రం చేసిన ఊచకి ఆ రోజే జింక్ ప్రైమరు వేస్తాం. నష్టం 20 శాతం దాటిన ఊచ పక్కన కొత్తది, రెండు వైపులా మంచి ఊచతో కనీసం 400 మి.మీ. అతుకుతో కడతాం. తర్వాత సిమెంటు, ఎస్‌బీఆర్ (పాలలా ఉండే అతుకు ద్రవం) కలిపిన పూత. అది తడిగా ఉండగానే మోర్టారు పడాలి, ఆరిపోతే అతికించాల్సిన పూతే పొరలా అడ్డుపడుతుంది. మోర్టారుకి సిమెంటు ఒకటికి ఇసుక మూడు, బస్తాకి ఎస్‌బీఆర్ 5 నుంచి 7 లీటర్లు. అర లీటరు పోసి "కెమికల్ కలిపాం" అనే వాళ్ళున్నారు, డబ్బాలు లెక్కపెట్టుకోండి. ఒక్కో పొర 10, 12 మి.మీ. మించకూడదు.

పై పనిలో మేం ఎక్కువగా చూసే తప్పు బరువు. కారిన ప్రతిసారీ పాతది తియ్యకుండా ఇంకో పొర పోస్తారు. అంగుళం సిమెంటు పొర చదరపు మీటరుకు 50 కిలోల పైమాటే. నాలుగంగుళాల ఇటుక ముక్కల కాంక్రీటు అయితే 180, 200 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి డిజైన్లో లెక్కేసే అదనపు బరువే 150 కిలోలు. అందుకే పాత పొరలు తీసేసి, 10 అడుగులకి అంగుళం పావు వాటం ఇచ్చి, పిట్టగోడ మొదట్లో మూడంగుళాల గోలా (మూలని గుండ్రంగా నింపే సిమెంటు కట్టు) కట్టి, అప్పుడే మెష్‌తో కోటింగ్ వేస్తాం. తూములు నాలుగంగుళాలవి, సుమారు 450 చదరపు అడుగులకొకటి. స్లాబు ఆరకుండా కోటింగ్ వేస్తే బొబ్బలు లేస్తాయి, కాబట్టి వాన పడిన మర్నాడు రమ్మని అడగొద్దు.

సన్‌షేడ్లు, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీల విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉంటాం. వాటి అసలు ఊచలు పైభాగంలో ఉంటాయి. కింద పెచ్చులు పూసి రంగేస్తే చూడ్డానికి బాగుంటుంది, మోసే ఇనుము మాత్రం పైన నీళ్ళు నిలిచే చోట నిశ్శబ్దంగా పోతుంది. గోడ మొదట్లో పైవైపు పగులు కనబడితే కింద నడవడం ఆపేయండి. వీటిలో చాలావాటికి కొట్టేసి కొత్తది పొయ్యడమే మా సలహా.

స్లాబు మార్చడం అంటే ఎంత పనో ముందే తెలియాలి. వెయ్యి చదరపు అడుగుల అయిదంగుళాల స్లాబు సుమారు 30 టన్నులు. ఆ శిథిలం దిగాలి, లారీ రావడానికి సందు ఉండాలి, పగలగొట్టిన ముక్కలు స్లాబు మీద కుప్ప పడకూడదు. కొత్తదానికి దాదాపు 12 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, 900 నుంచి వెయ్యి కిలోల ఇనుము పడతాయి. ఐఎస్ 456 ప్రకారం ఉప్పుగాలి నేరుగా తగిలే చోట ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచ కింద 45 మి.మీ. కవరు (ఊచని కప్పే కాంక్రీటు మందం) కావాలి. గాలి చాటున ఉంటే ఎం25, 30 మి.మీ. కవరు చాలు. కవరు పెరిగితే అయిదంగుళాల మందం చాలకపోవచ్చు, బరువు పెరుగుతుంది, గోడలు మొయ్యాలి. అందుకే ఇంజినీరు డ్రాయింగు లేకుండా స్లాబు పొయ్యం. మట్టికట్టు గోడలైతే ముందు గోడల సంగతి తేలాలి. 4.5 మీటర్ల లోపు గదులకి జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచుతాం. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకి తడి కనీసం 10 రోజులు.

డబ్బు విషయం. చెక్కకముందు మరమ్మతు పరిమాణం ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కాబట్టి మొత్తానికి ఒకటే రేటు ఇవ్వం. చెక్కే చదరపు అడుగుకి, కొత్త ఊచ కిలోకి, కోటింగ్ చదరపు అడుగుకి విడివిడిగా రాస్తాం, కొలతలు మీ ఎదుటే తీస్తాం. ఖర్చు అంచనా కన్నా 20 శాతం మించేలా ఉంటే పని ఆపి మిమ్మల్ని అడుగుతాం. అక్కడ మార్చేయడమే మేలనిపిస్తే అదీ చెబుతాం, చెక్కిన వరకే బిల్లు. గ్యారంటీ పైనుంచి నీళ్ళు కారకుండా ఉండటానికే. మేం ముట్టుకోని చోట కొత్తగా తుప్పు పడితే దానికి వర్తించదు, ఇది ఒప్పందంలో పెద్ద అక్షరాలతో వేస్తున్నాం.

జూన్ దాకా పరీక్షలు, తూములు, పిట్టగోడ పగుళ్ళు, చిన్న ప్యాచీలు తీసుకుంటున్నాం. స్లాబు మార్పులు మాత్రం అక్టోబరు, నవంబరు తుపాన్లు కూడా దాటాక, సంక్రాంతి తర్వాతే. ఈలోగా మీ స్లాబు ప్రమాదంలో ఉందని తేలితే ఆ గదిలో జాకీలు పెట్టి, పై పొరల బరువు దింపి, టార్పాలిన్ కప్పి వస్తాం. జాకీల అద్దె నెలకింత అని విడిగా ఉంటుంది. ఆ గదిలో మంచం మాత్రం వెయ్యొద్దు. ఫోన్ చేసేటప్పుడు ఇల్లు కట్టిన ఏడు, పైన ఇప్పటిదాకా ఎన్ని పొరలు పోశారు, పెచ్చులు ఊడిన చోటు ఫొటో, ఈ మూడూ సిద్ధంగా పెట్టుకోండి.