పాడైంది పరికరం కాదు, దాని తీగ

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నలభై ఏళ్ల క్రితం రేడియో రిపేరు దుకాణం పెట్టినవాణ్ణి. రేడియోలు పోయాయి, పిక్చర్ ట్యూబు టీవీలూ పోయాయి. ఇప్పుడు రొయ్యల చెరువుల మీద నీటికి గాలి పట్టించే మోటార్లు, అంటే ఏరేటర్లు ఆగితే రైతు ఫోను మోగించే పెట్టెలు తయారుచేస్తున్నాను. ఆ పెట్టెలో ఉండేది ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు. కంప్యూటర్లో రాసిన ప్రోగ్రామును అందులోకి ఎక్కించడానికి అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఉంటుంది, దాన్ని ప్రోగ్రామర్ అంటాం. నా ఉత్తరం ఆ పరికరం గురించి కూడా కాదు, దాని నుంచి చిప్పు ఉన్న బోర్డుకు తగిలించే జానెడు తీగ గురించి. ఇంత చిన్న విషయానికి పత్రికలో చోటు అడగడం మీకు వింతగా ఉండవచ్చు.

కిందటి నెల మా జిల్లాలోని ఒక పాలిటెక్నిక్ వారు పిల్లలకు రెండు పూటలు పని చూపించమని పిలిచారు. ల్యాబులో బీరువా తెరిస్తే పద్నాలుగు ప్రోగ్రామర్లు ఉన్నాయి. తొమ్మిదింటికి ‘పనిచేయదు’ అని కాగితం అంటించి ఉంది. నా సంచిలోని రిబ్బన్ కేబులు తీసి ఒక్కొక్కదానికి తగిలించి చూశాను. తొమ్మిదిలో ఎనిమిది నిక్షేపంగా ఉన్నాయి.

ఈ రిబ్బన్ కేబుల్లో పది సన్నని తీగలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి, చివర నల్లటి కనెక్టరు. అందులో టంకం ఉండదు. లోపలి చీలిక పళ్లు తీగ పైతొడుగును కోసుకుని రాగిని పట్టుకుంటాయి. ప్లాస్టిక్ మూత బిగిసి ఉన్నంత కాలమే ఆ పట్టు. పిల్లలు కనెక్టరు పట్టుకుని ఊడదీయరు, తీగ పట్టుకుని లాగుతారు. అబద్ధమెందుకు, నేనూ లాగాను. కొన్నాళ్లకు ఒక పన్ను వదులవుతుంది. పూర్తిగా తెగితే బాగుండును, వెంటనే దొరికిపోయేది. కదలకుండా ఉంటే బాగానే పలుకుతుంది, తీగ తెగిందో లేదో చూసే మల్టీమీటరు పెడితే బాగుందన్నట్టు కుయ్యిమంటుంది. బోర్డు కాస్త జరిపితే మళ్లీ పోతుంది. పాత టీవీ నెత్తిన ఒకటి చరిస్తే బొమ్మ వచ్చేది చూడండి, ఆ జబ్బే ఇది. అందుకే తీగను అటూ ఇటూ వంచుతూ మీటరు పెట్టాలని పిల్లలకు చెప్పాను.

చిప్పును పలకరిస్తే అది తన గుర్తింపు సంఖ్య చెప్పాలి. నేను వాడే ఏటీమెగా 328పీ అయితే 1ఈ 95 0ఎఫ్ అని వస్తుంది. లూజ్ కాంటాక్ట్ ఉంటే అన్నీ సున్నాలు రావచ్చు. కుర్రవాళ్లు చిప్పు కాలిపోయిందనుకుని చెత్తబుట్టలో వేస్తారు.

అంతకన్నా ప్రమాదం మధ్యలో పట్టు తప్పడం. కొత్త ప్రోగ్రాము రాసే ముందు చిప్పులోని పాతది చెరిగిపోతుంది. చెరిగాక, రాయడం పూర్తికాకముందే తీగ వదిలితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. మైపాడు దగ్గర ఒక చెరువు గట్టు మీద నాకు ఇదే జరిగింది. రాత్రి పదకొండు గంటలు. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది, ఆ వేళ ఏరేటర్లు ఆగితే పంట పోయినట్లే. పెట్టె మూగబోయింది, నా దగ్గర రెండో కేబులు లేదు. నేనూ, ఆ రైతూ తెల్లారేదాకా మోటార్ల చప్పుడు వింటూ కూర్చున్నాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నయమనిపించింది. ఇంటికి వచ్చి చూస్తే ఉప్పుగాలికి కనెక్టరు లోపల చిలుము పట్టి ఉంది.

కంప్యూటర్ వైపు వెళ్లే యూఎస్‌బీ తీగది ఇంకో కథ. పాత మినీ సాకెట్టు 5,000 సార్లు, తర్వాత వచ్చిన మైక్రో 10,000 సార్లు పెట్టి తీయడానికి తట్టుకోవాలని ప్రమాణం. మైక్రోను రూపొందించినవారు తెలివైన పని చేశారు. అరిగే స్ప్రింగులను పరికరంలో కాక తీగ చివర పెట్టారు. అరిగితే చవకైన తీగ అరగాలి గానీ పరికరం కాదని. మనమేమో తీగను దాచుకుని పరికరానికి కాగితం అంటిస్తున్నాం. పైగా కొన్ని చవక తీగల్లో ఛార్జింగుకు కావలసిన రెండే ఉంటాయి, సమాచారం వెళ్లే మిగతా రెండూ ఉండవు. ప్రోగ్రామర్లో దీపం వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం దాన్ని గుర్తించదు.

కొత్త కేబుళ్లు కొనకూడదా అని అడిగితే ల్యాబు అసిస్టెంటు స్టాకు రిజిస్టరు చూపించారు. ప్రోగ్రామరు, కేబులు ఒకే పెట్టెలో వచ్చాయి కాబట్టి ఒకే వస్తువుగా ఎక్కాయి. కేబులుకు విడిగా లెక్క లేదు. లెక్కలో లేనిది పాడవదు, పాడవనిదానికి బిల్లు పాసు కాదు. కేబులు ఖరీదు వంద రూపాయల లోపే.

ల్యాబులకు సామాను జాబితాలు తయారుచేసేవారిని నేను కోరేది ఒక్కటే. ఈ కేబుళ్లను టంకం తీగ, ఫ్యూజుల పక్కన, వాడితే అయిపోయే సామానులో రాయండి. ప్రోగ్రామరు ఒకటి కొంటే కేబుళ్లు మూడు కొనండి.

ఆ తొమ్మిదో ప్రోగ్రామరును ఇంటికి తెచ్చుకున్నాను. లోపల సాకెట్టు కాళ్లు బోర్డు నుంచి లేచిపోయి ఉన్నాయి, టంకం పెడితే అదీ పనిచేసింది. సోమవారం దాన్ని తిరిగి ఇస్తూ, నా ఖర్చుతో కొన్న మూడు కేబుళ్లు కూడా ఇవ్వబోయాను. ప్రోగ్రామరు తీసుకున్నారు. కేబుళ్లను రిజిస్టరులో ఏ వరుసలో ఎక్కించాలో తెలియదని వెనక్కి ఇచ్చేశారు.

– ఒక పాత రేడియో మెకానిక్, నెల్లూరు