సైలెన్సర్లు అమ్మే చోటికి కూడా వెళ్లండి: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు. మోత మోగే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పట్టుకుంటున్నారు. అలాంటి సామాను అమ్మే కొట్ల మీద కూడా దృష్టి పెట్టమని అడగడానికే ఈ లేఖ.

నేను మియాపూర్‌లో ఉంటాను. వృత్తికి మెకానిక్‌ను కాదు గానీ, చిన్నప్పటి నుంచి స్పానర్ పట్టడమంటే ఇష్టం. రెండేళ్ల కిందట నా పెట్రోల్ కారుకు కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల అమరిక) విప్పేసి, దాని బదులు వాడే స్టీల్ హెడర్‌ను ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా చేతులతో నేనే బిగించాను. అది చట్టవిరుద్ధమని అప్పుడు నాకు తెలియదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, తర్వాత బండిని పరీక్షించినవాళ్లూ చెప్పలేదు. మీకు రాయాల్సి వచ్చింది అందుకే.

పోత ఇనుముతో చేసిన పొట్టి మేనిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగా ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి పోతుంది. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పొడవాటి గొట్టం. ఆ పొడవులు సరిగ్గా కుదిరితే ఒక సిలిండర్ పొగ వెళ్తూ వెళ్తూ తర్వాతి దాని పొగను లాక్కుపోతుంది, ఇంజిన్‌కు ఊపిరి తేలికవుతుంది. ఇదొక విద్య, అందులో ఉన్న ఆనందాన్ని తక్కువ చేసి చెప్పను. హీట్ షీల్డ్ తీయడం, తుప్పుపట్టి బిగుసుకుపోయిన నట్లకు ముందు రోజు రాత్రే నూనె పట్టించి స్టడ్ విరక్కుండా కొద్దికొద్దిగా తిప్పడం, పొగ కారకుండా అతుకు మధ్యలో పెట్టే గాస్కెట్ కొత్తది వేసి మధ్య నుంచి అంచులకు బిగించుకుంటూ రావడం... ఒక ఆదివారమంతా పట్టింది.

మేనిఫోల్డ్ కిందికి దింపితే దాన్ని అంటుకుని ఒక బరువైన డబ్బా కూడా వచ్చింది. అది క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టు లాంటి గదులు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌నూ, కాలకుండా మిగిలిన పెట్రోల్‌నూ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ హాని తగ్గేలా మార్చేది అదే. వేడెక్కితే తప్ప పనిచేయదు కాబట్టి ఈ మధ్య చాలా కార్లలో దాన్ని ఇంజిన్‌కు ఆనించే పెడుతున్నారు. అంటే హెడర్ ఎక్కిన రోజే నా బండికున్న వడపోత పోయింది. చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌ను మభ్యపెట్టే ముక్క కూడా ఆ అమ్మకందారు దగ్గరే దొరికింది. అదీ కొన్నాను.

ఆ సెల్లార్ మూల గదిలో మా వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఒకరోజు ఆయన భార్య మొహమాటపడుతూ వచ్చి, "సార్, మీరు బండి స్టార్ట్ జేస్తె పిల్ల ఉలిక్కిపడి లేస్తున్నది. మల్ల పండవెట్టేసరికి గంటవడ్తున్నది" అంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే అతి చెడ్డ పొగను, అదీ కన్వర్టర్ లేని పొగను, నేను రోజూ పొద్దున్నే ఆ పిల్ల గది ముందే వదులుతున్నానని అప్పుడు తట్టింది. గాస్కెట్ దగ్గర సన్నగా లీకైనా చాలు, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అక్కడే పేరుకుంటుంది. ఆ వారమే పాత మేనిఫోల్డ్ తిరిగి ఎక్కించాను.

హెడర్ ఉన్న ఆ రోజుల్లోనే బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది! పొగ గొట్టంలో కొలిచే ప్రోబ్ అలా పెట్టి ఇలా తీశారు, నంబర్ ప్లేటు ఫొటో కొట్టారు, కాగితం చేతికిచ్చారు. నిజాయతీగా పరీక్షించినా అక్కడ శబ్దం కొలవరు, బానెట్ ఎత్తి కన్వర్టర్ ఉందో లేదో చూడరు.

చట్టం గట్టిగానే ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద మార్పించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. విడిభాగాలు అమ్మేవారికైతే ఏడాది వరకు జైలు, లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అన్నారు గానీ, అది కేంద్రం కీలక భద్రతా భాగాలుగా నోటిఫై చేసిన వాటికే. దాంతో కొన్న కుర్రాడు రోడ్డు మీద దొరుకుతాడు, అమ్మినవాడు కొట్టు తెరిచే ఉంచుతాడు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. మంచిదే. కానీ తొక్కించినన్ని మళ్లీ బజారులోకి వస్తున్నాయి.

కాబట్టి అయ్యా, పొల్యూషన్ కేంద్రాల్లో ఒక శబ్దమాపకం పెట్టించండి, కన్వర్టర్‌ను కంటితో చూడటం తప్పనిసరి చేయండి. సైలెన్సర్లు, హెడర్లు అమ్మేవారిని కూడా శిక్ష పరిధిలోకి తెమ్మని కేంద్రానికి రాయండి. "రేసింగ్‌కు మాత్రమే" అని డబ్బా మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఊళ్లో తిరిగే ప్రతి బండికీ అమ్మే పద్ధతి ఆగాలి.

దాంతోపాటు నాలాంటి వాళ్లకు ఒక సరైన దారి కూడా చూపించండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం హెడర్లను మొత్తంగా నిషేధించలేదు. అక్కడి వాయు వనరుల బోర్డు పరీక్షలో నెగ్గిన వాటికి ఒక ఉత్తర్వు నంబర్ ఇస్తుంది. కన్వర్టర్‌ను కదపకుండా, ఆ నంబర్ ఉన్న హెడర్‌ను రోడ్డు బండికి వేసుకోవచ్చు. అక్కడుంటున్న మనవాళ్లు స్మాగ్ చెక్‌కు, అంటే అక్కడి పొగ పరీక్షకు వెళ్తే బానెట్ ఎత్తి ఆ నంబర్ చూస్తారు. మనకు పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఉంది, పరీక్షించే సత్తా ఉంది. అలాంటి ముద్ర మన దగ్గరా వస్తే అది ఉన్న సామానే కొంటాం.

నేను తీసేసిన హెడర్ ఇప్పటికీ మా బాల్కనీలో గోనెసంచిలో ఉంది. అమ్మితే ఇంకొకరి బండికి ఎక్కుతుందని అమ్మలేదు. డబ్బా, రసీదు, ఆ సెన్సర్ ముక్క కూడా దాచాను. మీ అధికారులు రమ్మన్న రోజు అన్నీ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
మియాపూర్ నుంచి ఒక కారు యజమాని