బట్ట దేంతో చేశారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఫ్యాషన్ పేజీ నేను వదలకుండా చదువుతాను, పోయిన వారం అందులో వెదురు బట్టల గురించి వేశారు కదా, అవి సహజమైనవి పర్యావరణానికి మంచివి అని, అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. గార్మెంట్ ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని, బట్ట గురించి తప్పు మాట వింటే మనసు ఒప్పుకోదు.

వెదురు నుంచి నేరుగా నార తీసి నేసే పద్ధతి ఉంది, కాకపోతే చాలా అరుదు, ఆ బట్ట కాస్త గరుకుగా ఉంటుంది. వెదురు పేరుతో మెత్తగా జారిపోతూ ఉండే బట్ట దాదాపు అంతా విస్కోసే, అంటే రేయాన్. వెదురైనా ఇంకో చెట్టు కలపైనా ముందు గుజ్జు చేసి కాస్టిక్ సోడాలో నానబెడతారు, తర్వాత కార్బన్ డైసల్ఫైడ్ కలిపి కరిగిస్తారు, ఆ తేనెలాంటి ద్రవాన్ని సన్నటి రంధ్రాల్లోంచి యాసిడ్ తొట్టిలోకి వదిలితే అక్కడ దారంలా గట్టిపడుతుంది. 1892లోనే బ్రిటన్‌లో ముగ్గురు కెమిస్టులు పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. దారం చేతికొచ్చేసరికి అందులో ఉండేది సెల్యులోజ్, అంటే మొక్కల్లో ఉండే పీచు పదార్థం, అది వెదురుదా యూకలిప్టస్‌దా అని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకి నరాలు, గుండె దెబ్బతింటాయని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. వేసుకునేవాళ్లకి ఏమీ కాదండీ, తయారుచేసేవాళ్లకే ఆ కష్టం, మరి మీ వ్యాసంలో వాళ్ల ఊసే లేదు, నాకు బాధేసింది అక్కడే. అమెరికాలో వ్యాపార మోసాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రేయాన్‌ని వెదురు అని అమ్మేవాళ్ల మీద 2009 నుంచే చర్యలు తీసుకుంటోంది, 2022లో రెండు పెద్ద రిటైల్ కంపెనీలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాయి.

చెట్టు నుంచి చేసిన దారమంతా చెడ్డదని నేననట్లేదు. లయోసెల్ అని ఉంది, అదీ కలప గుజ్జుతోనే చేస్తారు గానీ కార్బన్ డైసల్ఫైడ్ వాడరు, కరిగించే ద్రావకాన్ని 99 శాతం దాకా వెనక్కి పట్టి మళ్లీ వాడతారు. ఇంత తేడా ఉన్నప్పుడు రెండింటినీ ఒకే గాటన కట్టి సహజం అనేస్తే పద్ధతిగా చేసేవాడికి విలువేముంటుంది?

వీగన్ లెదర్ గురించీ ఇలాగే రాస్తుంటారు. జంతువుని చంపలేదు, నిజమే, కానీ ఎక్కువ భాగం బట్ట మీద పాలియురేథేన్ పూత, లేదంటే పీవీసీ, అంటే ప్లాస్టికే. ఆ మాట కూడా పక్కనే ఉండాలి కదా.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మాత్రం బ్లెండ్స్, అంటే రెండు మూడు రకాల పోగులు కలిపి చేసిన బట్టలు. కటింగ్ టేబుల్ మీద బట్టని పొరలు పొరలుగా పరిచి, మార్కర్, అంటే ఏ ముక్క ఎక్కడ కోయాలో గీసిన కాగితం, ఎంత జాగ్రత్తగా సర్దినా చంకల దగ్గరా మెడల దగ్గరా ముక్కలు పోతాయి, పదో వంతు పోవడం మామూలే. ప్యూర్ కాటన్ ముక్కలైతే రంగుల వారీగా వేరే సంచుల్లో కట్టేవాళ్లం, వాటిని చీల్చి మళ్లీ దూది చేసేవాళ్లు తీసుకెళ్లేవాళ్లు. అలా చీల్చినప్పుడు పోగు పొట్టిదైపోతుంది కాబట్టి కొత్త కాటన్ కలపకుండా మంచి దారం రాదు, అయినా ఏదో ఒక దారి ఉండేది. కాటన్‌లో పాలియెస్టర్, దాని మీద సాగడానికి కొంచెం స్పాండెక్స్ కలిసిన ముక్కల్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు, వాటిని విడదీయడం అంత కష్టం. ఇక రీసైకిల్డ్ పాలియెస్టర్ అంటే పాత బట్టల్ని కరిగించి చేసిందని చాలామంది అనుకుంటారు, ఎక్కువ భాగం వాటర్ బాటిళ్ల నుంచి వచ్చిందే. బాటిల్‌ని మళ్లీ బాటిల్ చేయొచ్చు, చొక్కాగా మారాక దాని దారి దాదాపు అక్కడితో ఆగిపోతుంది, పైగా ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు నీళ్లలోకి పోతూనే ఉంటాయి.

ఇవన్నీ కొనేవాళ్లే తెలుసుకోవాలి కదా అని మీరు అనొచ్చు. ఎలా తెలుసుకుంటారు చెప్పండి? ఒక పోగు లాగి కాల్చి చూడమంటారు, పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది, కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, సరే, కానీ విస్కోస్ కూడా అచ్చం కాటన్‌లాగే కాలుతుంది, రెండూ సెల్యులోజే కాబట్టి. బ్లెండ్‌లో ఏది ఎంత శాతమో మంట అసలు చెప్పదు. లేబుల్ చదవాల్సిందే, లేకపోతే మీలాంటివాళ్లు రాస్తే నమ్మాల్సిందే.

అందుకే అడుగుతున్నాను, మోడల్ ఫోటో కింద డిజైనర్ పేరు వేసినట్టే బట్టలో ఏముందో ఒక లైను వేయండి, కాటన్ 60, పాలియెస్టర్ 35, స్పాండెక్స్ 5 అని, అంతే చాలు. కంపెనీ వాళ్లు చెప్పకపోతే చెప్పలేదు అనే వేయండి. వెదురు వ్యాసానికి మాత్రం వచ్చే వారమే సవరణ ఇవ్వండి, అదే పేజీలో, కంటికి కనిపించేంత అక్షరాలతో.

ఇట్లు,
మీ పాఠకురాలు