నా సైకిల్‌కు రాయితీ, ఆమె సైకిల్‌కు సున్నా

సంపాదకుడు గారికి,

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎండలు మొదలవగానే ఒక సలహా తిరుగుతుంది. "ఆఫీసులో సైకిల్ స్కీమ్ ఉందిగా, కొంటే మంచిదే కొనండి, సగం గవర్నమెంటే పెట్టుకుంటుంది" అని. నిరుడు ఆ మాట పట్టుకునే నేనూ షాపుకెళ్లాను. 600 పౌండ్ల సైకిల్ చూసుకుందామని వెళ్లినవాణ్ణి 2,400 పౌండ్లది బుక్ చేసి వచ్చాను.

ఇక్కడ 1999 నుంచీ ఉన్న 'సైకిల్ టు వర్క్' పథకం ఇది. సైకిల్‌ని కంపెనీ కొని మనకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను పన్ను పడకముందే జీతంలోంచి కోసుకుంటుంది. ఆ మేరకు మన జీతమే తగ్గినట్టు లెక్క కాబట్టి దాని మీద ఆదాయపు పన్నూ ఉండదు, నేషనల్ ఇన్సూరెన్సూ (పన్నులాగే జీతంలోంచి తప్పనిసరిగా కోసే సామాజిక బీమా చందా) ఉండదు. ఏడాదికి 50,270 పౌండ్లు దాటినవాళ్లకు పై రాబడి మీద పన్ను 40 శాతం, ఇన్సూరెన్స్ 2 శాతం; 42 మిగులు. ఆ లోపువాళ్లకు 20, 8 కలిపి 28. ఎంత పెద్ద జీతమైతే అంత పెద్ద రాయితీ అన్నమాట.

నా లెక్కే చెబుతాను. నెలకు 200 చొప్పున పన్నెండు నెలలు కోశారు. నాది 42 శాతం మిగిలే జీతమే కాబట్టి చేతికొచ్చే దాంట్లో తగ్గింది నెలకు 116 మాత్రమే. మొత్తం 1,392. వెయ్యి పౌండ్లు మిగిలాయని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. తను కాగితం తీసుకుని, ముందు అనుకున్న 600 పౌండ్లదే ఇదే స్కీములో కొని ఉంటే 348తో అయిపోయేదని తేల్చింది. అంటే వెయ్యి మిగుల్చుకోవడానికి 1,044 అదనంగా ఖర్చు పెట్టానన్నమాట.

అక్కడితో అయిపోలేదు. ఏడాది తిరిగేసరికి ఉత్తరం వచ్చింది: సైకిల్ ఇంకా మీది కాదు, సొంతం చేసుకోవాలంటే వెలలో 25 శాతం, అంటే మరో 600 కట్టండి అని. 500 పౌండ్ల లోపు సైకిళ్లకైతే ఇది 18 శాతమే. లేదంటే 7 శాతం కట్టి ఇంకో మూడేళ్లు వాడుకోవచ్చు. నేను ఆ దారే పట్టాను. తెలియక 600 కట్టేసినవాళ్లకు 42 శాతం కాస్తా 17కి దిగిపోతుంది. గ్రూపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇంత పెట్టి కొన్నది నల్లటి కార్బన్ ఫ్రేము బండి, ఒంటిచేత్తో లేపొచ్చు. మడ్‌గార్డు బిగించే చోటు లేదు, వెనక క్యారియర్ పెట్టే వీలు లేదు. వాన పడితే వీపంతా బురద గీత. రెడింగ్ స్టేషన్ దగ్గర తాళం వేసి వెళ్దామంటే తిరిగొచ్చేసరికి ఉంటుందో లేదోనని ప్రాణం పీకుతుంది. పాత డొక్కు సైకిల్ మీద వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్లినవాణ్ణి, ఇప్పుడు రెండు రోజులు వెళ్తే గొప్ప. సైకిల్‌ని ప్రధానంగా ఉద్యోగానికి వెళ్లిరావడానికే వాడాలన్నది పథకంలో షరతు. లెక్క రాసి చూపమని ఎవరూ అడగరు కాబట్టి గుట్టుగా గడిచిపోతోంది.

ఇదంతా నా తెలివితక్కువ, దాని కోసమే మీకు ఉత్తరం రాయనక్కర్లేదు. మా వీధిలో తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. కేర్ వర్కర్. తెల్లవారుజామున ఆరింటికల్లా బయల్దేరి, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లను లేపి, స్నానం చేయించి, మందులిచ్చి, ఇంకో ఇంటికి పరుగెడుతుంది. అంతా సైకిల్ మీదే. "అన్నా, మా ఆఫీసులోనూ ఆ స్కీమ్ అడిగాను, నా జీతానికి కుదరదన్నారు" అంది. నిజమే, కుదరదు. కోత పడ్డాక జీతం కనీస వేతనం కంటే తగ్గకూడదని చట్టం. 2025 ఏప్రిల్‌లో అది గంటకు 12.21 పౌండ్లయింది. సరిగ్గా అంతే తీసుకునేవాళ్ల జీతంలో కోయడానికి ఏమీ ఉండదు. కార్మికుణ్ణి కాపాడాలని పెట్టిన నిబంధనే ఆమెకు తలుపు మూసింది. పన్నులు పోగా చేతికొచ్చిన జీతంలోంచి 80 పౌండ్లు పెట్టి పాత సైకిల్ కొనుక్కుంది. ఆ చైను జారిపోతుంటే నేనే రెండుసార్లు ఎక్కించాను.

ఖరీదైన సైకిళ్లకు మళ్లీ పరిమితి పెడితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2019 దాకా చాలా కంపెనీలు వెయ్యి పౌండ్లు దాటనిచ్చేవి కావు. ఆ ఏడాది జూన్‌లో మార్గదర్శకాలు మార్చాకే ఎలక్ట్రిక్ సైకిళ్లకు, దివ్యాంగులు తొక్కగలిగే మూడు చక్రాల బళ్లకు దారి దొరికింది. నాలాంటి వాణ్ణి ఆపడానికి వాళ్ల దారి మూయడం ఎందుకు? రాయితీ శాతం అందరికీ ఒకటే చేయండి. కోతకు వీల్లేని జీతాలవాళ్లకు అంతే మొత్తం వోచరుగా ఇవ్వండి. నా జీతంలో తగ్గిన 2,400 మీద మా కంపెనీకి కూడా 15 శాతం ఇన్సూరెన్స్ మిగిలింది, 360 పౌండ్లు. ఆమెకు మంచి సైకిల్ రావడానికి అందులో సగం చాలు.

ఇక్కడ ఉన్న భారత పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. కామన్వెల్త్ దేశాల వాళ్లందరికీ ఉంది. చాలామంది మనవాళ్లకు ఇది తెలియక పేరే నమోదు చేయించుకోరు. ఉగాది సభలకు స్థానిక ఎంపీని పిలిచి శాలువా కప్పే తెలుగు సంఘాలు, ఈసారి శాలువాతో పాటు ఈ ప్రశ్న కూడా ఆయన చేతిలో పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రెడింగ్, ఇంగ్లండ్